వెన్న కరగని చెయ్యి

ఆ బేకరీ వాళ్లింట్లో ఆడపిల్లకి పదహారేళ్లు నిండితే కొత్త బట్టల కన్నా ముందు చేతిలో వెన్నముద్ద పెట్టేవారు.

ఎడమ అరచెయ్యి చాపమనేవారు. చల్లగది నుంచి అప్పుడే తెచ్చిన నిమ్మకాయంత ముద్ద అందులో పెట్టి, వేళ్లు ముడిపించి, పెద్దమ్మగారు గోడ గడియారం కింద నిలబడి మూడు నిమిషాలు చూసేవారు. వెన్న కరిగి మణికట్టు మీదికి జారిందా, "పో, కౌంటర్లో కూర్చుని బిస్కెట్లు పొట్లాలు కట్టు" అనేవారు. కరగలేదా, ఆ పిల్ల చలువరాతి బల్లకి వారసురాలు.

దీనికి కారణం లేకపోలేదు. ఆ దుకాణానికి పేరు తెచ్చింది రొట్టెలూ కాదు, కేకులూ కాదు, పఫ్‌లు. పిండి మధ్య వెన్న పరిచి, మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి, మళ్లీ ఒత్తితే వచ్చే పొరలు. వేడి చెయ్యి తగిలితే పొరల మధ్య వెన్న కరిగి పిండిలో కలిసిపోతుంది. అప్పుడు ఓవెన్లోంచి పఫ్ బదులు చెప్పు అట్ట బయటికొస్తుంది. అందుకని చల్ల చెయ్యి ఉన్న ఆడవాళ్లే ఆ బల్ల దగ్గర నిలబడాలి. అది తమ వంశానికి దక్కిన వరమని పెద్దమ్మగారి నమ్మకం. బల్ల వెనక గోడ మీద రెండు ఫొటోలుండేవి: ఆవిడ తల్లి, ఆవిడ అక్క. తల్లి నలభై ఆరేళ్లకి పోయింది, చివరి రెండేళ్లూ కళ్లు సరిగా ఆనక. అక్క నలభయ్యో ఏట ఈ బల్ల దగ్గరే, చేతిలో పిండి ఒత్తే కర్ర పట్టుకునే, తల తిరిగి పడిపోయింది.

"పని చేస్తూ చేస్తూ పోయారు, అదృష్టవంతులు," అనేవారు పెద్దమ్మగారు.

మూడో మేకు ఖాళీగా ఉండేది. అది ఆవిడ కూతురి కోసం. కూతురిదీ చల్ల చెయ్యే. పదిహేనేళ్లుగా బల్ల ఆమెదే. మరి మీ ఫొటో ఏదమ్మా అని ఎవరైనా అడిగితే, "నా చెయ్యి ఉండగా ఫొటో ఎందుకు?" అని పెద్దమ్మగారు ఎడమ చెయ్యి చాపి వాళ్ల చెంపకి ఆనించేవారు. మంచుముక్క తగిలినట్టు వాళ్లు ఉలిక్కిపడేవారు.

ఇంటికొచ్చిన కోడలికి కూడా వెన్న పరీక్ష తప్పలేదు. ఇరవై ఏళ్ల కిందట, కాపరానికి వచ్చిన మూడో రోజున, పన్నెండుమంది పనివాళ్ల ముందు ఆమె చెయ్యి చాపింది. నిమిషం కూడా ఆగలేదు వెన్న. మోచేతిదాకా కారి, కొత్త బట్టల మీద పడింది.

"ఇదెక్కడి చెయ్యే! కుంపటి!" అన్నారు అత్తగారు.

అంతే, ఆ రోజు నుంచీ ఆమె పేరు కుంపటి. బల్ల చుట్టూ గచ్చు మీద ఎర్ర రంగుతో ఒక గీత కూడా గీయించారు. కుంపటి ఆ గీత దాటకూడదు. దాటితే గాలికే వెన్న కరిగిపోతుందట. ఆమె డిగ్రీలో జంతుశాస్త్రం చదువుకుంది. గాలి గురించి ఆ మాట తప్పని చెప్పగలదు. కానీ కాపరానికి వచ్చిన మూడో రోజున ఎవరు చెబుతారు, చెబితే ఎవరు వింటారు? ఆమె ఇంటి వంట చూసుకుంది, పిల్లని పెంచింది, సాయంత్రాలు కౌంటర్లో కూర్చుంది. ఆడపడుచు బల్ల దగ్గర నుంచే కేకేసేది: "వదినా, కాస్త అటు జరుగు, ఇక్కడ చెమట పడుతోంది!" అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూ, ఎన్నోసారో గుర్తు పెట్టుకునేది.

మొదటి సంవత్సరంలోనే ఆమె ఒక సంగతి చూసింది. గుడ్ల కోసం చల్లగదిలోకి వెళితే, తలుపు చాటున పెద్దమ్మగారు మంచుముక్కల గిన్నెలో ఎడమ చెయ్యి మోచేతిదాకా ముంచి, పళ్లు బిగబట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్లు గట్టిగా మూసుకోవడంతో ఆవిడ కోడల్ని చూడలేదు. పది నిమిషాల తర్వాత ఆవిడ బయటికొచ్చి, చెయ్యి తుడుచుకుని, పాలవాడి చెంపకి ఆనించారు. వాడు ఉలిక్కిపడ్డాడు.

కుంపటి ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పేస్తే ఒక పూట కాలక్షేపం. దాచుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది.

*

ఆమె కూతురికి పుట్టినప్పుడే బన్ను అని పేరు పడింది, బుగ్గల వల్ల. బన్నుకి పదహారు నిండిన రోజు వెన్న మూడు నిమిషాలు కాదు, పది నిమిషాలు ఆగింది. అంచు కూడా మెత్తబడలేదు.

పెద్దమ్మగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "చూశారా! కుంపటి కడుపున మంచుగడ్డ పుట్టింది! ఇదంతా మా రక్తం. ఇందులో కోడలిది చుక్క కూడా లేదు!" అని పన్నెండుమందికీ వినపడేలా అరిచారు. బిస్కెట్ల మాస్టరు చప్పట్లు కొట్టాడు. "వదినా, ఒక్క చుక్క కూడా లేదట!" అంది ఆడపడుచు.

ఆ రోజు కూడా కుంపటి నవ్వింది. ఆ మాటని మాత్రం భద్రంగా దాచుకుంది, ఎందుకో తెలియకుండానే.

ఆర్నెల్లు తిరగకుండా బన్ను బుగ్గలు పోయాయి. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జడ వేసుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తితే సగంలోనే నొప్పెట్టి దించేసేది. "చెయ్యి పనికి అలవాటు పడుతోంది," అన్నారు నాయనమ్మ. "నాకూ లాగుతుందిలే, పిండి ఒత్తే చెయ్యి కదా," అంది మేనత్త. కాలేజీలో ఆరోగ్య పరీక్షలు జరిగినప్పుడు నర్సు బన్ను ఎడమ చేతికి బీపీ పట్టీ చుట్టింది. మిషన్ అంకె చూపించకుండా కూసింది. ఇంకోసారి చుట్టింది, మళ్లీ కూత. నర్సు మిషన్ని రెండు దెబ్బలు వేసి, ఈసారి కుడి చేతికి చుట్టింది. నూట డెబ్బై ఎనిమిది. అప్పుడు మిషన్ని వదిలేసి, ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, చాలాసేపు వెతికింది.

"నీకు నాడి ఏదమ్మా?" అంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాల గోడల మీద పడుతున్నాయి. గోడలు వాచి, దళసరెక్కి, లోపలి దారి ఇరుకైపోతోంది. ఎడమ చేతికి వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. ఆడపిల్లలకే ఎక్కువ వస్తుంది, చిన్న వయసులోనే. మందులున్నాయి, చాలా ఏళ్లు వాడాలి. ఇంకా ఆలస్యమైతే మెదడుకి వెళ్లే దారీ, కంటికి వెళ్లే దారీ ఇరుకయ్యేవి.

కుంపటికి కళ్లు ఆనని ఒక ఫొటో, తల తిరిగి పడిపోయిన ఒక ఫొటో గుర్తొచ్చాయి.

"డాక్టరుగారూ, చెయ్యి చల్లగా ఉండటం..."

"రక్తం అందక. మీ ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉందా?"

"ఉందండీ. మా ఇంట్లో దానికి ఫొటో కట్టి గోడకి తగిలిస్తారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

*

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మగారు బల్ల దగ్గరే ఉన్నారు, పన్నెండుమందీ ఉన్నారు. ఆవిడ మొత్తం విన్నారు. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత బల్ల మీద అరచేత్తో చరిచారు.

"చల్ల చెయ్యి మాది. జబ్బు మీది. అరవై ఏళ్లుగా మా ఇంట్లో లేని జబ్బు ఇవాళ ఎక్కడి నుంచి ఊడిపడింది? నా మనవరాలి ఒంట్లో మంచిదంతా మేమిచ్చాం, పాడు రక్తం నువ్వు పోశావు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎర్రగీతకి ఇవతల నిలబడి కుంపటి కొడుకు వంక చూసింది, అంటే ఆవిడ కొడుకు, ఈవిడ మొగుడు. ఆయన ఓవెన్ తలుపు తెరిచి లోపల ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. లోపల ఏమీ లేదు. ట్రేలు అప్పటికే దించేశారు.

అత్తగారి మాటల్ని ఆమె ఇరవై ఏళ్లుగా అరిగించుకుంటూనే ఉంది, ఇదీ అరిగేది. కానీ ఆ సాయంత్రం బన్ను మందుబిళ్ల చేతిలో పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, నీ నుంచేనా నాకొచ్చింది?"

కాదు అనెయ్యచ్చు. ఆమె అనలేకపోయింది. పిల్లల ఒంట్లో సగం తల్లిది, సగం తండ్రిదని పరీక్షల్లో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న మనిషి. "తెలీదమ్మా, కనుక్కుంటాను," అంది. బన్ను తలాడించి నీళ్లు తాగింది. ఆ తలాడింపు చూశాక కుంపటికి ఇంక కావలసింది ఒకటే. ఏ బల్ల దగ్గర, ఏ పన్నెండుమంది ముందు ఆ మాట అన్నారో, అదే బల్ల దగ్గర, అదే పన్నెండుమంది ముందు, అత్తగారు 'మా రక్తమే' అని నోరారా అనాలి. బన్ను వినాలి.

మర్నాటి నుంచి ఆమె చాలా మంచి కోడలైపోయింది.

"అత్తయ్యా, దుకాణానికి అరవై ఏళ్లు నిండుతున్నాయి కదా. మన చల్ల చేతుల చరిత్ర రాసి ఫ్రేము కట్టిస్తే బాగుంటుంది," అంది.

పెద్దమ్మగారు అనుమానంగా చూశారు. కానీ చరిత్ర అనేసరికి ఆగలేకపోయారు. కొలతల పుస్తకం వెనకవైపు నుంచి కుంపటి రాసుకుంటూ వెళ్లింది. తల్లికి ఏ వయసులో చెయ్యి చల్లబడింది, చూపు ఎప్పుడు తగ్గింది, అక్క మెడనొప్పని ఎప్పుడు పడుకుంది, ఎప్పుడెప్పుడు జ్వరాలొచ్చాయి. "ఇదంతా ఎందుకే?" అంటే, "ఎంత కష్టపడి బల్ల నిలబెట్టారో తెలియాలి కదత్తయ్యా," అనేది. "రాయి రాయి! ఇది మా అమ్మ నుంచి మాకొచ్చిందని పెద్ద అక్షరాలతో రాయి," అనేవారు ఆవిడ. ఈవిడ పెద్ద అక్షరాలతోనే రాసింది.

ఆ పుస్తకం చూసి డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "ఒకే ఇంట్లో ఇంతమందికి కనబడటం చాలా అరుదు," అంది. వాళ్ల దగ్గర ఒక పరిశోధన జరుగుతోందట. ఇంట్లో అందరూ ఒప్పుకుంటే రక్తం తీసి ఒక గుర్తు ఉందో లేదో చూస్తారట. తెల్ల కణాల మీద ఉండే గుర్తు అది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది.

"ఆ గుర్తు ఉంటే జబ్బొచ్చినట్టేనా?"

"కాదు. అది ఉన్నవాళ్లలో చాలామందికి జన్మంతా ఏమీ రాదు. ఉంటే రావడానికి కొంచెం వీలెక్కువ, అంతే. మిగతావేవో కూడా కలిసిరావాలి. ఎవరి తప్పూ కాదమ్మా ఇది."

"తప్పు కాదులెండి," అంది కుంపటి. "ఎవరిదో చెప్పండి చాలు."

పెద్దమ్మగారు రక్తం ఇవ్వనంటారని ఆమె భయపడింది. ఆవిడే సవాలు చేశారు. "తీసుకోమను! కాగితం వచ్చాక ఈ బల్ల దగ్గరే అందరి ముందూ చదువు. నీ వైపుదని తేలితే ఈ జన్మలో మా రక్తం ఊసెత్తకూడదు."

"మీ వైపుదని తేలితే?"

"తేలదు."

"తేలితే అత్తయ్యా?"

"ఆ మాట నా నోటితోనే అంటాను, సరేనా!"

నలుగురు రక్తమిచ్చారు: పెద్దమ్మగారు, కొడుకు, కోడలు, బన్ను. ఆడపడుచు మాత్రం ఇవ్వనంది. కుంపటి ఆమెని ఒకసారి చాటుగా పిలిచి, "నీ చెయ్యి కూడా లాగుతుందన్నావు. పోనీ నాడి ఒక్కటి చూపించుకో," అంది. ఇన్నాళ్లూ నవ్విన మనిషి మీద కోపముంది. కానీ పక్కన ఇంకో ఫొటో కట్టాలన్నంత కోపం కాదు.

"నాది అమ్మ చెయ్యి వదినా," అంది ఆడపడుచు, పిండి దులుపుకుంటూ. "అమ్మదీ చల్ల చెయ్యే. డెబ్బై రెండేళ్లొచ్చాయి, నాకన్నా గట్టిగా తిడుతుంది. ఆవిడకి కానిది నాకేమవుతుంది?"

కుంపటి నోటిదాకా వచ్చింది మంచుగిన్నె సంగతి. చెబితే నమ్మదు, నమ్మినా తల్లిని అడుగుతుంది, తల్లి కాదంటుంది. చూపించాలి.

*

కాగితాలు నెలన్నరకి వచ్చాయి. నాలుగు. ఆమె ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. పెద్దమ్మగారిది: గుర్తు ఉంది, ఒకటి. కొడుకుది: ఉంది, ఒకటి. అప్పటికే ఆమె పెదవుల మీద నవ్వు మొదలైంది. బన్నుది: ఉంది, రెండు.

రెండా?

నాలుగో కాగితం విప్పకముందే తెలిసిపోయింది. కోడలిది: ఉంది, ఒకటి.

చాలాసేపు ఆ కాగితం వంక చూసింది. చెయ్యి వెచ్చగానే ఉంది. ఇరవై ఏళ్లు కుంపటి అనిపించుకున్న చెయ్యి. నాడి టకటకా కొట్టుకుంటోంది. అయినా గుర్తుంది. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, ఇద్దరూ చేరి పిల్ల చేతిలో పెట్టారు. డాక్టరమ్మ లోపలికి పిలిచి అదే చెప్పింది: రెండున్నంత మాత్రాన రెట్టింపని ఎవరూ చెప్పలేరు, బాధ పడొద్దు.

ఇంకొకరైతే అక్కడే మనసు మార్చుకునేవారు. పోన్లే, ఇద్దరిదీ సమానమే, ఇంటికెళ్లి అందరం కలిసి ఏడుద్దాం అనుకునేవారు. కుంపటి బస్సులో కూర్చుని రెండు స్టాపులదాకా అలాగే అనుకుంది. మూడో స్టాపులో 'పాడు రక్తం నువ్వు పోశావు' గుర్తొచ్చింది. నాలుగో స్టాపులో బన్ను తలాడింపు గుర్తొచ్చింది. దిగేసరికి నాలుగు కాగితాలూ ఒక వరసలో పెట్టుకుంది: బన్నుది పైన, అత్తగారిది తర్వాత, మొగుడిది మూడోది, తనది అడుగున. అన్నీ చదువుతుంది. ఎవరైనా ఆపితే తప్ప. ఆపే మనిషెవరో ఆమెకి ఇరవై ఏళ్లుగా తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం ఓవెన్లు చల్లారే వేళకి అందరినీ రమ్మన్నారు పెద్దమ్మగారు. ఆ ఉదయమే కుంపటి మంచు మిషన్ ఆపి, మంచంతా పారబోసి, వేడినీళ్లతో శుభ్రంగా కడిగింది. అరవై ఏళ్ల పండగకి అన్నీ తళతళలాడాలి కదా.

పెద్దమ్మగారు ఇస్త్రీ చీర మడత నలగకుండా వచ్చారు. దారిలో చల్లగదిలోకి ఒకసారి వెళ్లి, వెంటనే బయటికొచ్చారు. "మంచేదే?" అన్నారు.

"మిషన్ కడిగానత్తయ్యా. సాయంత్రానికి తయారవుతుంది. ఏం, కావాలా?"

"నాకెందుకు!"

పన్నెండుమందీ బల్ల చుట్టూ నిలబడ్డారు. బన్ను పిండి బస్తా మీద కూర్చుంది. కుంపటి ఎర్రగీత అంచున ఆగింది.

"బన్నుది. గుర్తు ఉంది," అని చదివింది.

"అది తెలిసిందే. తర్వాత?"

"మీదత్తయ్యా. ఉంది."

బిస్కెట్ల మాస్టరు దగ్గాడు. పెద్దమ్మగారు కాగితం లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మీ అబ్బాయిది. ఉంది. మీ నుంచి ఆయనకి, ఆయన నుంచి..."

"ఉంటే ఉందిలేవే!" అరిచారు ఆవిడ. "ఉంటే ఏమైంది? నాకేమైంది? చెప్పండర్రా, నాదీ చల్ల చెయ్యే! డెబ్బై రెండేళ్లు! నాడి ఆడక చచ్చానా? చల్ల చెయ్యి జబ్బు కాదు, వరం! నా కూతుర్ని చూడండి, రాయిలా ఉంది. జబ్బు ఇంకెక్కడి నుంచో వచ్చింది. ఎక్కడి నుంచో మీకే తెలుసు."

"అదే నేనూ అంటున్నా వదినా," అంది ఆడపడుచు. "అమ్మకి లేనిది..."

కుంపటి ఎర్రగీత దాటింది.

ఇరవై ఏళ్లలో మొదటిసారి. పన్నెండు జతల కళ్లూ ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె బల్ల మీదున్న వెన్నదిమ్మ నుంచి నిమ్మకాయంత ముద్ద తుంచింది.

"అత్తయ్యా, మీ ఎడమ చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"అందరం పరీక్షిచ్చాం. మీరొక్కరే మిగిలారు."

"నాకు పరీక్షేమిటే! ఆ పరీక్ష పెట్టేదే నేను!"

"పెట్టేవాళ్లకి భయమేముంది?"

పెద్దమ్మగారు చుట్టూ చూశారు. ఎవరూ సాయం రాలేదు. కొడుకు ఓవెన్ తలుపు తెరవబోయాడు. "ఏవండీ, లోపల ఏమీ లేదు, ఇటు చూడండి," అంది కుంపటి. ఆయన మూసేశాడు.

ఆవిడ చెయ్యి చాపారు. కుంపటి వెన్న పెట్టి, ఆవిడ వేళ్లు మెత్తగా ముడిచి, గోడ గడియారం కింద నిలబడింది.

మొదటి నిమిషం వెన్న ఆగింది. రెండో నిమిషానికి పిడికిలి సందుల్లో పసుపుపచ్చని మెరుపు కనిపించింది. ఆవిడ వేళ్లు సడలించి, గాలి తగిలితే ఆగుతుందేమోనని చూశారు. ఆగలేదు. ఒక చుక్క మణికట్టు దాటి, ఇస్త్రీ మడత మీద పడింది. దాని వెనకే ఇంకోటి. నాడి ఉన్న చెయ్యి, రక్తం నిండుగా పారే చెయ్యి. డెబ్బై రెండేళ్ల ఆరోగ్యం మొత్తం మోచేతి మీదుగా కారింది.

"కుంపటి," అంది కుంపటి, చాలా మెల్లగా.

ఆడపడుచు తల్లి చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది. ఏదో లెక్క మనసులో తలకిందులవుతోంది ఆమెకి. "అమ్మా, నీది... ఇన్నేళ్లూ ఎలా?" అంది.

పెద్దమ్మగారి చూపు చల్లగది వైపు వెళ్లింది.

"మా అక్క కన్నా చిన్నదాన్ని," అన్నారు చివరికి, ఎవరితోనో. "అక్కది కరగలేదు. నాది కరిగింది. నన్ను కౌంటర్లో కూర్చోమన్నారు."

ఒక్క క్షణం కుంపటికి జాలేసింది. ఆ క్షణం గడవనిచ్చింది.

ఈలోగా ఆడపడుచు చేతులు కడుక్కుని వచ్చి, ఎడమ చెయ్యి చాపింది. గొంతులో వెటకారం లేదు. "వదినా, నాకు చూడు."

బన్ను కోసం కొన్న బీపీ మిషన్ సంచీలో సిద్ధంగానే ఉంది. ఎడమ చేతికి చుట్టింది. కూత. కుడి చేతికి చుట్టింది. నూట తొంభై రెండు. బన్ను బస్తా దిగి వచ్చి మేనత్త మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి వెతికింది, నర్సులాగే.

"లేదత్తా," అంది.

గోడ మీద మూడో మేకు అందరికీ ఒకేసారి కనిపించింది. పెద్దమ్మగారు స్టూలు మీద కూలబడ్డారు. కుంపటి వదల్లేదు.

"అత్తయ్యా, ఒక మాటన్నారు. మీ నోటితోనే అంటానని."

"ఇప్పుడా, వదినా?" అంది ఆడపడుచు.

"ఇప్పుడే. పిల్ల వింటోంది."

పెద్దమ్మగారు బన్ను వంక చూశారు, తర్వాత కూతురి వంక. వెన్న చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు. "మా రక్తమే," అన్నారు. వినబడలేదని బిస్కెట్ల మాస్టరు ముందుకి వంగాడు. "మా రక్తమే!" అని అరిచారు ఆవిడ. "మా అమ్మది, మా అక్కది, నాది! చాలా?"

కుంపటి చేతిలో అడుగు కాగితం ఇంకా ఉంది. ఆమె మాట తప్పే మనిషి కాదు.

"ఇంకో కాగితముందత్తయ్యా. చదవమంటారా?"

"చాలన్నానా! ఇంక ఒక్క కాగితం చదివావంటే చూడు!"

"మీ ఇష్టం," అంది కోడలు, మడతపెట్టి కొలతల పుస్తకంలో దాచింది.

*

ఆడపడుచుని మర్నాడే ఆసుపత్రిలో చేర్చారు. మెడలో నాళం ఒకటి సగానికి ఇరుకైందట. సమయానికి వచ్చారంది డాక్టరమ్మ. ఇప్పుడు మేనత్తా మేనకోడలూ ఒకే పెట్టెలో మందులు సర్దుకుని, ఎవరి మొహం ఎక్కువ ఉబ్బిందని అద్దం ముందు పోట్లాడుకుంటున్నారు. బన్నుకి బుగ్గలు తిరిగొచ్చాయి, మందుల వల్లే అయినా. మూడో మేకు పీకేసి ఆ చిల్లులో సున్నం పెట్టారు.

బల్ల ఖాళీగా ఉండకూడదు కదా. దాని దగ్గరిప్పుడు కుంపటి నిలబడుతుంది. చల్లని గదిలో, చల్లని రాయి మీద, తొందరగా పని చేసే ఎవరి చేతికైనా పొరలు లేస్తాయని ఆమెకి వారంలోనే తెలిసింది. మంచు అక్కర్లేదు. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు.

రోజూ మధ్యాహ్నం పెద్దమ్మగారు మంచుగిన్నె మోసుకొచ్చి, ఎర్రగీతకి అవతల నిలబడి అందిస్తారు. గీత మళ్లీ వేయించారు. చెరిగిపోతోందని కోడలే గుర్తు చేసింది.

"ఇంకో నాలుగు ముక్కలు తేవాలత్తయ్యా. నాది కుంపటి చెయ్యి కదా."

ఆవిడ పళ్లు బిగించి వెనక్కి తిరుగుతారు.

ఒక రోజు బన్ను కొలతల కోసం పుస్తకం తిరగేస్తూ నాలుగో కాగితం విప్పింది. రెండుసార్లు చదివి తల్లి దగ్గరికొచ్చింది. కుంపటి పిండి ఒత్తడం ఆపింది.

"నువ్వడిగావు, కనుక్కుంటానన్నాను. నా నుంచి ఒకటి," అంది. "మీ నాన్న నుంచి ఒకటి. ముందే చెప్పాల్సింది."

బన్ను కాగితం వంకా, తల్లి చేతుల వంకా చూసింది. "అంటే నాయనమ్మ ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే..."

"ఆవిడే వద్దన్నారు. నేను అడిగాను కూడా."

పిల్ల నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. "మరి చెప్పవా ఆవిడకి?"

కుంపటి చల్లగది వైపు చూసింది. లోపల మంచు గిన్నెలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, నాలుగు ముక్కలు, లెక్క ప్రకారం.

"చెబుతాను," అంది కర్ర అందుకుంటూ. "ఇరవై ఏళ్లు కానీ."